గడప బయటి కత్తి

కామాటిపురలో మా చాల్‌లో వరస గదులన్నిటికీ కలిపి కళాకారుడు పెద్దనాయన ఒక్కడే. ఆ సంగతి ఆయన ఒక్కడికే తెలుసు. పాత చెప్పుల తోలును బిళ్లలుగా కోసి, ఒకదానిమీద ఒకటి గుచ్చి, అద్దంలా అరగదీసి కత్తికి పిడి చేశాడు. పలకరించినవాళ్లందరికీ ఒకటే మాట: "కత్తి గాదు బిడ్డా, పిడి వట్టి సూడు."

పెద్దమ్మ పట్టలేదు. "చెప్పుల తోలు వట్టుకొని కూర కొయ్యాల్నా?" అని దాన్ని గడప దాటనివ్వలేదు. అంతటి కళాఖండం బయట, చెప్పుల పైన మేకుకు వేలాడింది.

ఒకరోజు దొంగ వచ్చి, పెద్దనాయన కొత్త చెప్పులు ఎత్తుకుపోయాడు. కత్తిని వదిలేశాడు. నేను ఓదార్చబోయాను.

"చెప్పులు వోతె వోయినయ్," అన్నాడు పెద్దనాయన, మేకు వైపే చూస్తూ. "సాలా, పిడి వట్టి గూడ సూడలే."