బఫర్‌లో ఉండిపోయిన లైను

చింతామణిలో డిప్లొమా చదివే రోజుల్లో మాకు సి ప్రోగ్రామింగ్ ల్యాబ్ చెప్పిన లెక్చరర్‌ను తలచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది. చిక్కబళ్ళాపురం నుంచి వచ్చేవాడు. నోట్లో ఎప్పుడూ వక్కాకు ఉండేది. మన భుజం మీదుగా వంగి మాట్లాడితే మానిటర్ మీద ఎర్రటి తుంపరలు పడేవి. వాటిని వేలితో తుడిచి, ఆ వేలిని మా కుర్చీ వీపుకు రాసేవాడు.

ల్యాబ్‌లోకి లినక్స్ కొత్తగా వచ్చిన ఏడాది అది. నేను బాగేపల్లి నుంచి, నా పక్కన కూర్చునే అమ్మాయి దిబ్బూరహళ్ళి నుంచి వచ్చేవాళ్ళం. వాళ్ళింట్లో పట్టుపురుగులు పెంచేవారు. క్లాసులో నాకంటే ఆమెకే తెలివి ఎక్కువ. ఆ సంగతి నాకు తెలుసు, నచ్చేది కాదు. ఆమె మాత్రం ప్రోగ్రాం రాశాక ఒకసారి చూడమని నన్నే అడిగేది.

ఇంటర్నల్ పరీక్ష రోజు ఆమె ప్రోగ్రాం నడిపించగానే తెర మీద ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని ఒక్కటే వచ్చి ప్రోగ్రాం కూలిపోయింది. లెక్చరర్ వంగి చూశాడు.

"మొదటి లైన్లోనే ప్రింట్‌ఎఫ్ పెట్టినావు కదమ్మా. అది యాడ ఉండాది? చూపీ."

"రాలేదు సార్. తప్పు కింద యాడో ఉండాది, మొదటి లైను మాత్రం నడిచినాది సార్."

"నడిచింటే కనపడాల కదా? ఎవరిదో కాపీ కొట్టి తెచ్చినావు. ఇంటికి పోయి పురుగులకు ఆకు కోసుకో, పో."

కొందరు నవ్వారు. ఆయన సున్నా వేశాడు.

ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు. వారం ముందు నా ప్రోగ్రామూ అలాగే చేస్తే లైబ్రరీ పుస్తకంలో వెతికాను. తెర మీద చూపించమని ప్రింట్‌ఎఫ్ రాసినా అక్షరాలు వెంటనే తెర మీదికి పోవు. ముందు మెమరీలో ఒకచోట చేరతాయి. దాన్నే బఫర్ అంటారు. లైను చివర కొత్త లైనుకు పొమ్మనే న్యూలైన్ గుర్తు వస్తేనో, బఫర్ నిండితేనో, ప్రోగ్రాం సవ్యంగా ముగిస్తేనో బయటికి వస్తాయి. ఈలోపు ప్రోగ్రాం కూలిపోతే బఫర్‌లో ఉన్నది ఉన్నట్టే పోతుంది. ఎఫ్‌ఫ్లష్ అని ఒక్క మాట రాస్తే అప్పటికప్పుడు బయటికి తోస్తుంది. ఆమె ప్రింట్‌ఎఫ్‌లో న్యూలైన్ లేదు. నా కుర్చీలోంచే నాకది కనిపించింది.

నోరు తెరవలేదు. మార్కుల భయం కొంత. క్లాసులో నాకొక్కదానికే తెలిసిన సంగతి ఒకటుందన్న ఆనందం ఇంకా కొంత. ఆ ఆనందం గుర్తొస్తే లెక్చరర్ కంటే నా మీదే రోత పుడుతుంది.

సాయంత్రం బస్టాండులో ఉండబట్టలేక ఆమెకు అంతా చెప్పాను. శ్రద్ధగా విని, నా ముఖంలోకి చూసింది.

"నీకు పరీక్షకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"మరి పక్కనే కూర్చోని ఏం చేస్తాంటివే?"



మర్నాడు ఆమె ఒంటరిగా స్టాఫ్ రూముకు బయలుదేరింది. పిలవకపోయినా వెనకే వెళ్ళాను. ఆయన్ను ల్యాబ్‌కు తీసుకొచ్చి, అదే ప్రోగ్రాంలో ప్రింట్‌ఎఫ్ కింద ఎఫ్‌ఫ్లష్ రాసి నడిపించింది. మొదటి లైను వచ్చింది, దాని వెంటే ఫాల్ట్ వచ్చింది.

"చూడండి సార్, నడిచినాది."

"ఇది నాకు తెలీదనుకున్నావా? నీకు తెలుసునో లేదో అని చూస్తి," అన్నాడు ఆయన. సున్నా దిద్దలేదు. ఆ వారమే బోర్డు మీద బఫర్ బొమ్మ గీసి, "ఇది ఏ లెక్చరరూ చెప్పడు, నేను చెప్తాండా, రాసుకోండి," అన్నాడు. క్లాసంతా రాసుకుంది. నేనూ తల వంచుకుని రాసుకున్నాను. ఆమె మాత్రం పెన్ను మూతైనా తీయలేదు.

బోర్డు పరీక్షలో ఆమెకే మంచి మార్కులు వచ్చాయి. చదువు ముగిసేదాకా నేను పలకరిస్తే పలికేది. తన ప్రోగ్రాం చూడమని మాత్రం మళ్ళీ ఒక్కసారి కూడా నన్ను అడగలేదు.