రెండు తలుపుల గది

రేమండ్ జగోడా ముప్పై ఒక్క సంవత్సరాలు టొలీడోలోని ఒక గాజు ఫ్యాక్టరీలో తనిఖీ పని చేశాడు. వెలుతురు ముందు నుంచి అద్దాలు వరసగా కదిలిపోతుంటే, బుడగ ఉన్నదాన్ని, గీత పడినదాన్ని పట్టుకుని పక్కకు తీయడం ఆయన పని. ఉద్యోగం మానేశాక కూడా ఆ కళ్ళు ఊరుకునేవి కావు. మా వంటింట్లో కాఫీ తాగుతూ తాగుతూ, "మార్లా, మీ కిటికీ పై మూల పగులు బయల్దేరింది, చూసుకున్నావా?" అనేవాడు. లేచి చూస్తే ఉండేది, వెంట్రుకంత.

మేమూ వాళ్ళూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవాళ్ళం. అటువైపు ఇల్లు ఆయన అక్క ఐరీన్‌ది. భర్త పోయాక, స్కూలు వంటశాలలో ఉద్యోగం అయిపోయాక, ఆమె రెండు పిల్లులతో ఉండేది. బూడిద రంగు లావుపాటిది పోంచ్కి, నల్లది రూత్. రేమండ్ అద్దెకున్న భవనాన్ని కూలగొడుతున్నారని తెలిసి, ఆమే తమ్ముణ్ణి వచ్చేయమంది. కానీ ఆయన ఒంటరిగా రాలేదు. ఆయనకు మూడు పాములున్నాయి. రెండు సన్నవి, ఎర్ర మచ్చలవి, చేతికర్ర కంటే కాస్త పొడవు. మూడోది ఆగ్నెస్. ఏడడుగుల బోవా. విషం లేదు గానీ, చుట్టుకుని పిండేసే జాతి. విడాకులైన ఏడాది తెచ్చుకున్నాడట, వేలంత లావున ఉన్నప్పుడు. పాములున్నాయంటే ఊళ్ళో ఎవరూ ఇల్లివ్వలేదు.

సామాను దించిన రోజు నేనక్కడే ఉన్నాను. ఐరీన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నిన్ను రమ్మన్నాను గానీ నీ సంసారాన్ని రమ్మన్నానా? నా పిల్లుల్ని దానికి ఫలహారం పెడతావా ఏంటి?"

"దాని సంగతి సరే అక్కా, నీ పోంచ్కి గోరు తగిలినా నా ఆగ్నెస్ చస్తుంది. పిల్లి గోరు గీసుకుంటే పాముకి ఒళ్ళంతా చీము పడుతుంది. నీకెంత భయమో నాకూ అంతే భయం."

"అయితే ఇద్దరం భయపడుతూ కూర్చుందామా?"

"అక్కర్లేదు. పిల్లి తప్పూ లేదు, పాము తప్పూ లేదు. తప్పంటూ ఉంటే తలుపుది. నాకు వారం రోజులియ్యి."

ఆ వారం పాములు మా గరాజులో ఉన్నాయి. రేమండ్ మేడమీది వెనక గదిని బాగుచేసుకున్నాడు. గది తలుపుకి స్ప్రింగు బిగించాడు, వదిలేస్తే దానంతటదే పడేలా. దాని లోపల మూడడుగుల ఎడంతో ఇంకో తలుపు, ఇనుప జాలీది. ఒకటి మూశాకే ఇంకోటి తీయాలి. తలుపు కింద సందుని బ్రష్షు పట్టీతో మూశాడు. మూడు గాజు పెట్టెల మూతలకి నాలుగేసి క్లిప్పులు, పైన బరువు. పాములకి పెట్టే ఎలుకలు చచ్చినవి, గడ్డకట్టించినవి. వాటికి బేస్‌మెంట్లో వేరే ఫ్రీజరు. మేత పెట్టేముందు పిల్లిని ముట్టుకోకూడదు, చేతికి పిల్లి వాసనుంటే పాము చేతినే తిండనుకుంటుంది. పెట్టాక చేతులు కడిగి చొక్కా మార్చుకోకుండా కిందికి రాకూడదు, ఎలుక వాసనకి పిల్లులు వెంటపడతాయి. బయటికొచ్చేటప్పుడు ఒక్కో క్లిప్పు మీదా వేలు పెట్టి పైకి చెప్పుకునేవాడు: "పడింది. పడింది. పడింది." గోడ ఇవతల నాకూ వినపడేది.

ఏడేళ్ళు ఏమీ జరగలేదు. ఆ మాట ఇంత తేలిగ్గా రాసేశాను గానీ, ఏమీ జరగకపోవడం వెనక ఆయన రోజూ చేసిన పని ఉంది. మొదట్లో పిల్లులు ఆ తలుపు ముందు గంటలకొద్దీ కూర్చునేవి. తరవాత విసుగొచ్చి మానేశాయి. ఐరీన్ కూడా మెత్తబడింది. ఆగ్నెస్ కుబుసం విడిస్తే, "మీ ఆవిడ కొత్త గౌను తొడుక్కుంది, పోయి చూసుకో" అని తమ్ముణ్ణి ఏడిపించేది. ఆదివారం ఉదయం ప్రార్థనకు వెళ్ళొచ్చి, క్యాబేజీ కూరా రై రొట్టే తింటూ ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు. పోట్లాటలన్నీ ఉత్తవే.

ఎనిమిదో ఏడు, అక్టోబరులో, ఐరీన్ వెన్న కోసం ఫ్రిజ్ తెరిస్తే వెన్న పక్కన పొట్లంలో ఎలుక ఉంది. నాకు చెబుతూ పడీ పడీ నవ్వింది. "కాస్త ఉంటే రొట్టెకి రాసుకునేదాన్నే!" నేనూ నవ్వాను. రేమండ్ మాత్రం నవ్వలేదు. మొహం ఎర్రబడిపోయింది.

ఆ తరవాత ఒకే కబురు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చెప్పడం మొదలైంది. కాఫీకొచ్చి మా కిటికీ పగులు గురించి మళ్ళీ అడిగాడు. ఆ అద్దం మార్చి నాలుగేళ్ళయింది. మార్చిందీ ఆయనే.

డిసెంబరులో ఒకరోజు ఐరీన్ మేడమీదికి వెళ్తే జాలీ తలుపు వారగా తీసి ఉంది. చిన్న పాముల్లో ఒకదాని పెట్టెకి రెండు క్లిప్పులు పడలేదు.

"ఒరేయ్ రే, క్లిప్పులు మర్చిపోయావ్."

"నేనా? నేను వేశాను. వేలు పెట్టి చూసి వేశాను. నువ్వే తీసుంటావ్."

"నాకేం పనిరా ఆ పెట్టెలతో?"

"ఏమో. నీకు మొదట్నుంచీ అవంటే పడదుగా!"

ఈసారి పోట్లాట ఉత్తది కాదు. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఐరీన్ ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, తన మోకాలు చూపించుకోవాలని అబద్ధం చెప్పి. డాక్టరు ఆయన్ని గడియారం బొమ్మ గీయమన్నాడట. అంకెలన్నీ ఒకే పక్కకి పోగుపడ్డాయట. మతిమరుపు జబ్బు మొదలైందన్నాడట.

"పాముల్ని పంపించెయ్యండి" అన్నాను. నేను హాస్పిటల్ లాండ్రీలో పనిచేస్తాను, ఆ జబ్బు వార్డు గుడ్డలు రోజూ నా చేతుల్లోంచే పోతాయి. ఆ జబ్బు ఎటు పోతుందో నాకు తెలుసు.

"వాడికింకా చేతనవుతున్న పని అదొక్కటేనమ్మా. అదీ నేనే లాక్కోనా? ఇంకొన్నాళ్ళు చూద్దాం" అంది ఐరీన్.

ఆ ఇంకొన్నాళ్ళూ ఆమె చేసిన పని ఇది. తమ్ముడు మేడ దిగి స్నానానికి వెళ్ళేదాకా ఆగేది. నీళ్ళ చప్పుడు మొదలవగానే, నొప్పి మోకాళ్ళతో మెట్లెక్కి, గదిలోకి వెళ్ళి, పన్నెండు క్లిప్పులూ రెండు తలుపులూ చూసేది. విడిచినవి వేసేది. ఆయన బయటికొచ్చేసరికి వంటింట్లో ఉండేది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, పాముల్ని చూస్తే చెమటలు పట్టే మనిషి, ఆరు నెలలు ఒక్కరోజు తప్పకుండా ఆ పని చేసింది. రేమండ్‌కి ఎప్పుడూ తెలియలేదు. తన లెక్క తప్పలేదనే అనుకున్నాడు.

జూన్‌లో ఆమెకి కంటి శుక్లం ఆపరేషన్ పడింది. నేను కారులో తీసుకెళ్ళాలి. బయల్దేరుతూ, "రే, నేనొచ్చేదాకా మేడమీదికి పోకు. ఇవాళ మేత రోజు కాదు" అంది.

"నాకు తెలీదా? ముందు నీ కన్ను చూసుకో అక్కా. వచ్చేటప్పుడు రై రొట్టె తెండి."

గదికి తాళం వేయండని కారులో కూర్చున్నాక అన్నాను. ఆమె పర్సు మీద చేతులు పెట్టుకుని, "తాళం చూస్తే వాడికి అర్థమైపోతుంది" అంది. నేను కారు స్టార్ట్ చేశాను. ఆమె దిగి వేసి రావాల్సింది. నేనైనా వేసి రావాల్సింది.

నాలుగు గంటల తరవాత తిరిగొచ్చాం. ఆమె కంటి మీద ప్లాస్టిక్ మూత ఉంది. లోపల అడుగు పెట్టగానే రూత్ ఫ్రిజ్ మీద కనపడింది, తోక సీసాలు తోమే బ్రష్షులా ఉబ్బించుకుని. రేమండ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతి వేళ్ళ నుంచి మోచేయి దాకా రక్తం. ఒళ్ళో పోంచ్కి ఉంది. దాని తల ఒక పక్కకి, కాళ్ళు ఇంకో పక్కకి, బట్ట పిండినట్టు.

ఏం జరిగిందో చూస్తే తెలుస్తూనే ఉంది. ఆయన పైకెళ్ళాడు, మేతకో, ఊరికే చూడ్డానికో. మూతా తెరిచే ఉంచాడు, తలుపులకీ ఏదో అడ్డు పెట్టాడు, దిగొచ్చి మర్చిపోయాడు. పిల్లి పైకి పోయిందో, పాము కిందికి వచ్చిందో. కానీ పిల్లిని చుట్టుకున్న పాముని విప్పింది ఆయనే. తోక వైపు నుంచి విప్పాలి, తల పట్టుకుని లాగితే ఇంకా బిగిస్తుంది. అది ఆయన చేతులు మర్చిపోలేదు. పాము కరిచినా వదలకుండా విప్పి, దాన్ని పైకి మోసుకెళ్ళి పెట్టెలో వేశాడు. తరవాత నేను వెళ్ళి చూస్తే నాలుగు క్లిప్పులూ పడి ఉన్నాయి. రెండు తలుపులూ మూసి ఉన్నాయి.

రేమండ్ తలెత్తి అక్కని చూశాడు. "ఇందాక పైన తలుపు బార్లా తీసుంది అక్కా. ఎవరు తీశారు?"

నేను నోరు తెరిచాను. ఐరీన్ నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగబడేంత గట్టిగా.

"నేనేరా. పొద్దున దుమ్ము దులుపుదామని వెళ్ళాను. వేయడం మర్చిపోయాను."

ఆయన మొహం మారిపోయింది. ఫ్యాక్టరీలో పగిలిన గాజుని పంపించేసినవాణ్ణి చూసినట్టు చూశాడు. "ఏడేళ్ళు చెప్పాను కదే! ఒకటి మూశాకే ఇంకోటి తీయమని చెప్పాను కదా. ఒక్కరోజు, ఒక్కరోజు నీ మీద వదిలితే... ఛ!" ఇంకా చాలా అన్నాడు. ఆమె ఒంటి కన్నుతో తన పిల్లిని చూస్తూ నిలబడి అన్నీ పడింది. "అవునురా, తప్పే" అంది. "అవును. నాదే."

పోంచ్కిని పెరట్లో నేనే పాతిపెట్టాను. కంటి ఆపరేషన్ అయినవాళ్ళు వంగకూడదు.

పిల్లి ఊరికే చావలేదు. ఆగ్నెస్ ఒంటి మీద గోళ్ళ గాట్లున్నాయి. పది రోజులకి గడ్డలు లేచాయి. పాముల్ని చూసే డాక్టరు కోసి చీము తీశాడు, సూదులిచ్చాడు. ఐరీన్ రోజూ పాము నడుం పట్టుకుని కూర్చునేది, రేమండ్ మందు రాసేవాడు. జులై ఆఖర్లో ఆగ్నెస్ చచ్చిపోయింది. మిగిలిన రెంటినీ శాండస్కీ అనే ఊరి నుంచి ఒకాయన వచ్చి పట్టుకెళ్ళాడు. ఆ రోజు రేమండ్ ఆ పాములెవరివని నన్ను అడిగాడు.

తరవాత సంవత్సరం ఆయన్ని వృద్ధుల ఆశ్రమంలో చేర్చాల్సొచ్చింది. ఆయన జ్ఞాపకంలోంచి ఫ్యాక్టరీ పోయింది, భార్య పేరు పోయింది, నేను పోయాను. ఏం చిత్రమో, పోనిది ఒక్కటే. ఎవరు చూడ్డానికొచ్చినా చెప్పేవాడు: "మా అక్క తలుపు వేయడం మర్చిపోయింది. పిల్లీ పోయింది, పామూ పోయింది. మంచిదే, కానీ మతిమరుపు." నర్సులకి చెప్పాడు. ఫాదర్‌కి చెప్పాడు. ఐరీన్ పక్కనే కూర్చుని ఆయన గోళ్ళు తీస్తుంటే, ఆమెవరో తెలియక ఆమెకే చెప్పాడు.

"అయ్యో" అంది ఆమె. "ఆ చెయ్యి కూడా ఇలా ఇవ్వండి."

ఒకసారి తిరిగొస్తూ నేను ఆగలేక అడిగాను. "నిజం ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"ఎవరికి చెప్పను? వాడికి చెబితే సాయంత్రానికి మర్చిపోతాడు. చెప్పానన్నది మాత్రం నాకు గుర్తుండిపోతుంది." కొంతదూరం పోయాక మళ్ళీ అంది: "అయినా అబద్ధమేముందమ్మా అందులో. తాళం వేయనిది నేనే కదా."

రేమండ్ రెండేళ్ళ తరవాత ఫిబ్రవరిలో పోయాడు, నిమోనియాతో. నేల గడ్డకట్టి ఉంటే, సమాధి తవ్వడానికి మెషిను తెప్పించారు. చర్చి కింద హాల్లో భోజనాలప్పుడు, ఆయనతో పనిచేసిన ముసలాయన ఒకడు ఐరీన్ దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"ఆ పిల్లి సంగతి చెప్పాడమ్మా నాకు. మనసులో పెట్టుకోకు. మన వయసులో ఎవరికైనా మతిమరుపు వస్తుంది."

"మీరు మంచివారు" అంది ఐరీన్. ఆయన ప్లేటులో ఇంకో సాసేజి ముక్క వేసి, ఖాళీ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళేసరికి పంపు పూర్తిగా తిప్పి, నీళ్ళ కింద చేతులు పెట్టి నిలబడి ఉంది. ఏమీ కడగడం లేదు. నేను గిన్నెలు అందుకున్నాను.