మిరపకాయలు చెప్పిన తీర్పు

పక్కింట్లో ఎవరో ఎండుమిరపకాయలతో దిష్టి తీశారు. ఆ ఘాటుకు నాకు దగ్గుకంటే ముందు కోపం వచ్చింది.

నిజాం మీద పోలీస్ యాక్షన్ అయిన ఏడాది, మెట్టుగూడలో మా పక్కింటి జుబేదా వాళ్లు చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్లిపోయారు. ఆమె స్నేహితురాలైన మా అక్క తిండి, మాట మానేసింది. అప్పటికి అక్కకు పదిహేనేళ్లు.

అమ్మ అక్క చుట్టూ మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు. ఘాటు అంతగా లేదు. అయినా, దిష్టి లేదని తేలితే అక్క బాగైపోతుందనుకుని నేను గట్టిగా దగ్గాను.

"చూసిండ్రా? దిష్టీ లేదు గిష్టీ లేదు. అన్నీ నకరాలే!" అంటూ అమ్మ అక్క చెంప పగలగొట్టింది.

ఇప్పుడు మా మునిమనవరాలి బడిలో, దిగులుగా ఉన్న పిల్లలను కూర్చోబెట్టి "ఏమైందమ్మా?" అని అడగడానికే ఒక టీచరమ్మ ఉంది. ఆ రోజు మా ఇంట్లో ఆరుగురు పెద్దవాళ్లున్నారు. అందరూ మిరపకాయల్నే అడిగారు, అక్కను అడగలేదు.