మైనస్ ఒకటిని లెక్కచేయని సిమియు

కాకమేగా ఊళ్లోని మా కాలేజీ గణితశాఖలో సిమియు, నేను ఒకే గదిలో కూర్చుంటాం. మనిషి చెడ్డవాడేం కాదు, చాయ్‌లోకి మందాజీ రొట్టె కొనుక్కుంటే సగం తుంచి పెడతాడు. కాకపోతే తన జవాబును తను సరిచూసుకున్న పాపాన ఏనాడూ పోలేదు. బోర్డు మీద తప్పు రాస్తాడు. పిల్లలు చూపిస్తే, "మీరు కనిపెడతారో లేదో చూద్దామనే రాశాను" అంటాడు. ఉద్యోగమంతా అలాగే నెట్టుకొచ్చాడు.

ఈ ఏడాది సీనియర్ లెక్చరర్ పోస్టు ఒక్కటే వచ్చింది. పోటీ మా ఇద్దరికే. ప్రపంచానికి పనికొచ్చే పనేదైనా చేసి చూపించమన్నారు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల, ఎవరైనా సరిదిద్దగల గణిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అందులో అసమీకరణాలు సాధించే భాగం నత్తనడక నడుస్తోంది. ఇద్దరం దాని మీదే పడ్డాం.

సిమియు దాన్ని పరుగులు పెట్టించాడు. ఎలాగంటే, రెండువైపులా xతో భాగించి పారేశాడు. x వర్గం మూడు xల కన్నా ఎప్పుడు తక్కువ అని అడిగితే, x మూడు కన్నా తక్కువైతే చాలని తడుముకోకుండా చెప్పేది. మార్పులు పరిశీలించే పోలండ్ అమ్మాయి మర్యాదగానే రాసింది: "మైనస్ ఒకటి పెట్టి చూశారా? మైనస్ మూడు కన్నా ఒకటి తక్కువని తేలుతోంది."

"చూశావా నెకేసా, ఈ పిల్ల పొగరు! నాకే పరీక్ష పెడుతోంది!"

"ఒకసారి పెట్టి చూడండి సిమియు గారూ, పోయేదేముంది?"

"మైనస్ ఒకటి ఎవడిక్కావాలమ్మా? బజార్లో ఎవడైనా మైనస్ ఒక కోడిని కొంటాడా?"

ఈ ముక్కే సాగదీసి ఆ అమ్మాయికి రాశాడు. తన అనుభవం, తన గురువుల పేర్లు, బళ్లో వచ్చిన బహుమతి కూడా చేర్చాడు. బ్రెజిల్ వాడొకడు, జపాన్ వాడొకడు వచ్చి ఆమె మాటే చెప్పారు. వాళ్లకూ పేజీలకు పేజీలు జవాబిచ్చాడు. చివరికి అందరూ విసిగిపోయి అతని మార్పును తిప్పికొట్టారు.

నేను x ధనమైతే ఒకలా, రుణమైతే మరోలా, సున్నా అయితే విడిగా చూసేలా సరిచేసి పంపాను. "బాగుంది" అని ఒక్కమాట రాసి కలిపేసుకున్నారు. పోస్టు నాదే అనుకున్నాను. ఎవరైనా అనుకోరా?

ఇంటర్వ్యూకి ఇద్దర్నీ కలిపే కూర్చోబెట్టారు. సిమియు ఆ తగాదా మొత్తం అచ్చు తీయించి, బైండు చేయించి పట్టుకొచ్చాడు. ఇటుక మందాన ఉంది. కమిటీ పెద్ద ఒమోండి పేజీలు తిప్పుతూ, "పోలండ్! బ్రెజిల్! జపాన్ కూడానా!" అని మురిసిపోయాడు. పోస్టు సిమియుకే ఇచ్చారు.

ఉండబట్టలేక వెళ్లి అడిగేశాను. "వాళ్లు తీసుకున్నది నా పని సార్. ఆయనది తిప్పికొట్టారు."

ఒమోండి జాలిగా చూశాడు. "నిజమేనమ్మా. కానీ నీ పని గురించి ప్రపంచంలో ఒక్కడైనా పోట్లాడాడా?"

ఒళ్లు మండిపోయింది. బయట సిమియు శాఖ మొత్తానికి చాయ్ పోయిస్తున్నాడు. నాకూ ఒక కప్పు అందించాడు. తాగాను, ఏం చేస్తాను?