సూదిలోకి పోని దారం

కొత్తపేటలో జాకెట్లు కుట్టే బాలనర్సయ్యకు ఒక్కటే పొగరు. దారం కొస నోట్లో తడిపి, ఒక్క పోటుకు సూదిలోకి ఎక్కిస్తాడు. "ఇంకొకరిని దారం ఎక్కియ్యమని అడిగిన నాడు దుకాణం బంద్ చేస్త" అని అరవై ఏళ్లొచ్చినా బీరాలు పోతూనే ఉన్నాడు.

అలాంటిది ఈ ఎండాకాలం దారం మొండికేసింది. కొస కుచ్చులా విచ్చుకుంటుందే తప్ప లోపలికి పోదు. ముందు దారం కంపెనీని తిట్టాడు. తర్వాత కళ్లను అనుమానించి దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్త అద్దాలు కొన్నాడు. నోట్లో తడే లేదన్న సంగతి మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు. నాలుక అట్టలా ఉందని రోజంతా చాక్లెట్లు చప్పరించాడు.

"ఇటియ్యి, నేను ఎక్కిస్త" అంది భార్య భాగ్యమ్మ.

"అంటే దుకాణం బంద్ చెయ్యమంటవా?" అని కసురుకుని, ఆ కోపంలో దారాన్ని పళ్లతో కొరికాడు. దారం తెగలేదు. ముందుపన్ను ఊడి జాకెట్టు మీద పడింది. భాగ్యమ్మ పన్నును కొంగున ముడేసి, మొగుణ్ణి ఆటో ఎక్కించి, ఎల్‌బీ నగర్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరు అరుణజ్యోతి వాచిన చిగుళ్లు చూసి, "షుగర్ ఎప్పుడు చూపించుకున్నారండీ?" అంది.

"నాకు షుగరెక్కడిది మేడం? చాయ్ గూడ సగమే తాగుత."

రక్తపరీక్షలో షుగర్ నిండుగా బయటపడింది. "షుగర్ పెరిగితే నోట్లో ఉమ్మి తగ్గిపోతుందండీ. ఉమ్మి తగ్గితే పళ్లు, చిగుళ్లు పాడవుతాయి. పైగా మీరు ఆ షుగర్‌ను చాక్లెట్లతో మేపుతున్నారు" అని డాక్టరు మందలించింది.

మందులు మొదలయ్యాయి. చిగుళ్లు శుభ్రం చేయించుకున్నాడు. చాక్లెట్ల డబ్బాను భాగ్యమ్మ చెత్తబండిలో వేసింది. అయినా దారం పోలేదు. తానన్న మాట గుర్తొచ్చి దుకాణం తాళం వంక చూసినప్పుడల్లా, నోట్లో లేని నీళ్లు పాపం కళ్లలోకి వచ్చేవి.

కొన్ని వారాలకు ఒక పొద్దున వెంకట్రావు మిఠాయి కొట్టు ముందు నుంచి వస్తున్నాడు. పాకంలోంచి వేడి జిలేబీ తీస్తున్నారు. బాలనర్సయ్యకు నోరూరింది. నిజంగానే ఊరింది. పెదాలు బిగించి, పలకరించిన వాళ్లకు చెయ్యి ఊపుతూ, పరుగున దుకాణానికొచ్చి దారం కొస తడిపాడు. ఒక్క పోటుకు ఎక్కింది. భాగ్యమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ కొట్టు ముందు కాసేపు నిలబడతాడు.

"చూడ్డమేనా, ఓ పావుకిలో తీసుకెళ్లొచ్చుగా?" అంటాడు వెంకట్రావు.

బాలనర్సయ్య నోరు విప్పడు. తల అడ్డంగా ఊపి, గబగబా పనికి పోతాడు.