రెండు నిరోధాలూ ఒక్కటే వచ్చాయి

తొంభైల చివరలో, సూరత్ సమీపాన సచిన్‌లోని ఒక విద్యుత్ కొలిమి కర్మాగారంలో నేను ఇంజనీరుగా పనిచేశాను. కొలిమికి కరెంటు అందించే దళసరి రాగి పట్టీలు వేడెక్కి నల్లబడుతున్నాయి. అతుకుల బోల్టులు సరిగా బిగించలేదని ఫిట్టర్‌ను తీసివేయడానికి మేనేజరు సిద్ధపడ్డాడు. ఆ ఫిట్టర్ సిరిసిల్ల నేతవారి ఇంటివాడు; మరమగ్గాలు వదిలి మా దగ్గర చేరాడు. ఆయన బిగింపును నేనూ అనుమానించాను.

మేనేజరుకు ఆధారం కంప్యూటరు లెక్క. కొత్తగా చేరిన ఇంజనీరు పట్టీని తెర మీద గీసి, డీసీకీ ఏసీకీ నిరోధం లెక్కకట్టించాడు. రెండూ ఒక్కటే వచ్చాయి. కనుక పట్టీ నిర్దోషి, తప్పు అతుకులదే అన్నాడు.

ఆ సమానత్వం నాకు రుచించలేదు. డీసీ లోహమంతటా సమంగా పారుతుంది. ఏసీ ఉపరితలం వైపు జరుగుతుంది. లోపలి రాగి ఉండీ లేనట్టే. సన్నని తీగలో ఆ తేడా కనబడదు. మూడు వేళ్ల మందమున్న పట్టీలో కనబడకపోతే లెక్కనే అనుమానించాలి.

ఇంతలో ఫిట్టర్ నా గదికి వచ్చాడు.

"కంప్యూటరుకు నౌకరి పోయేది లేదు సార్, నాకున్నది. జర మీరే చూడుండ్రి."

నేను ఎవరి పక్షానా లేను, లెక్క పక్షాన ఉన్నానన్నాను.

"లెక్క నా దిక్కుంటె చాలు సార్."

కొత్త సాధనమేదైనా ముందు మనకు జవాబు తెలిసిన లెక్క చేసి చూపాలన్నది నా నియమం. పెన్సిలుతో సాధించగల గుండ్రని కడ్డీని ఇచ్చాను. తెర మీద మళ్లీ రెండూ ఒక్కటే. ఆరా తీస్తే కారణం తెలిసింది. ప్రోగ్రాము లోహాన్ని గడులుగా కోసి లెక్క కడుతుంది; గడులు పెరిగేకొద్దీ ఆలస్యం. భోజనం తరువాత కంప్యూటరు అకౌంట్సు వారికి అప్పగించాలి; అందుకని ఆ ఇంజనీరు మందమంతటినీ ఒకే గడిగా వదిలేశాడు. ఒక గడిలో కరెంటు సమంగా ఉంటుందనే ఆ ప్రోగ్రాము భావిస్తుంది. ఇక ఏసీ పైకి జరిగేదెలా?

ఉపరితలం దగ్గర సన్నని పొరలుగా విభజింపజేశాను. అకౌంట్సు వారు గొణుగుతూ సాయంత్రం దాకా ఆగారు. కడ్డీ జవాబు నా పెన్సిలు జవాబుతో కలిసింది. తరువాత పట్టీ: ఏసీ నిరోధం డీసీని బాగా మించింది. వేడికి అది చాలు.

"ఇగ నమ్మిండ్రా సార్?" అన్నాడు ఫిట్టర్.

"పట్టీ తనంతట తానే వేడెక్కగలదని తేలింది. బోల్టులు బిగుతుగా ఉన్నాయని తేలలేదు. విప్పు."

"మా అత్త గూడ గింత అనుమానం పడలే," అంటూ కొలిమి ఆపించి స్పానర్ తెచ్చాడు. ప్రతి అతుకునూ టార్చి వెలుగులో చూశాను. వదులైన అతుకైతే లోపల కాలి ఉండాలి; ఎక్కడా కాలిన మచ్చ లేదు. అప్పుడే మేనేజరుతో చెప్పి ఆయన ఉద్యోగం నిలబెట్టాను.

దళసరి పట్టీల స్థానంలో పలుచనివి ఎడంఎడంగా ఆయనే అమర్చాడు. చివరి బోల్టు బిగించి, నేను అడగకముందే స్పానర్ నా చేతికిచ్చి పక్కకు జరిగాడు.