షాఫ్టు చల్లారేదాకా

లేతు మిషను మీద పని నేర్చుకుంటానని మా అక్క కూతురు అన్న రోజున ఒంటికాలి మీద లేచింది మా అక్క కాదు, నేను. ముప్పై ఏళ్లుగా టర్నరు పని చేస్తున్నవాణ్ణి. ఇనుము చేతివేళ్లను ఏం చేస్తుందో నాకు తెలుసు.

"ఏదైనా ఆఫీసులో కూర్చునే పని చూసుకోవే" అన్నాను.

"కూర్చుంటే నిద్రొస్తుంది మామయ్యా" అంది.

అలా వచ్చి మా వర్క్‌షాపులోనే, నా దగ్గరే అప్రెంటిసుగా చేరింది. మొదటి నాలుగు నెలలూ దానిచేత ఆకురాయి తప్ప ఇంకొకటి ముట్టించలేదు. వైసులో ఇనపదిమ్మను బిగించి పొద్దుటినుంచి సాయంత్రం దాకా అరగదీయాలి. మూలమట్టం ఆనించి వెలుతురుకేసి పట్టుకుంటే సందులోంచి వెలుగు కనపడకూడదు. కనపడిందంటే మళ్లీ మొదలు. అరచేతులు బొబ్బలెక్కాయి. నేను జాలిపడలేదు, పడినా చూపించలేదు. ఇంట్లో "మామయ్యా, నువ్వు" అనే పిల్ల షాపులో అడుగుపెట్టగానే "సార్, మీరు" అనేది. ఆ "సార్"లో కొంచెం వెటకారం ఉండేదని నా అనుమానం.

దానికి తొందరన్నది పుట్టుకతోనే లేదు. పక్కవాళ్లు రెండు ముక్కలు చేసేలోపు ఇది ఒకటి చేసి, తుడిచి, కొలిచి, మళ్లీ తుడిచి, మళ్లీ కొలిచేది. తోటివాళ్లు "నిదానం" అని పేరు పెట్టేశారు. నాకు మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది. రెండో ఏడు ఒకసారి మిషను చప్పుడు విని, "టూలు మొద్దుబారింది సార్" అంది. "నాకు తెలుసులే" అన్నాను. అబద్ధం. నాకు అప్పటికింకా వినపడలేదు.

మూడో ఏడు చివర పరీక్ష. పాసైతే టర్నరు ఉద్యోగం, తప్పితే ఇంటికి. రెండోసారి కూర్చోనివ్వరు. నాలుగు గంటల్లో మొద్దు కడ్డీని తరిగి షాఫ్టు చెయ్యాలి. పరీక్షాధికారి ఇచ్చిన ఇత్తడి బుష్‌లో, ఆ గొట్టంలాంటి తొడుగులో, అది సరిపోవాలి. బిగిసినా తప్పే, వదులైనా తప్పే. నేర్పిన వాళ్లం గీత అవతల నోరు మూసుకుని నిలబడాలి. సాయం చేస్తే పరీక్ష చెల్లదు.

మూడు గంటలు చక్కగా సాగింది. ఆ తర్వాత దాని మిషనుకు కోత మీద నూనె కలిపిన చల్లటి తెల్లనీళ్లు పోసే పంపు మొరాయించింది. వేరే మిషను ఖాళీ లేదు. అది బ్రష్షుతో నూనె రాస్తూ ఆఖరి కోత కానిచ్చింది. ఇంకో పాతిక నిమిషాలున్నాయనగా బుష్ తొడిగి చూసింది. ఎక్కలేదు.

ఇంకో సన్నటి కోత తీస్తే సరిపోతుంది, టైముంది. అది కదలదే! మిషను ఆపేసింది. షాఫ్టు విప్పి తీసి ఇనపబల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని చేతులు కట్టుకుని కూర్చుంది. అటుపక్కా ఇటుపక్కా పిల్లలు చెమటలు కక్కుతుంటే ఇది నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. నేను ఆగలేకపోయాను.

"ఇంకో కోత తియ్యవే" అన్నాను. గొంతు తగ్గించే అన్నాననుకున్నాను.

అది నావైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. ఒళ్లు మండిపోయింది నాకు. పది నిమిషాలు పోయాయి, పదిహేను పోయాయి. అప్పుడు లేచి, షాఫ్టుకు చేతి వెనకభాగం ఆనించి చూసింది, అమ్మ పిల్లాడి నుదురు చూసినట్టు. అప్పుడు వెలిగింది నా బుర్ర. నీళ్లు లేకుండా కోసిన ఇనుము వేడెక్కి ఉబ్బి ఉంది. వేడి మీద కొలవొద్దని నేనే వందమందికి చెప్పి ఉంటాను. ఆ మాట నాకే తోచలేదు.

చుక్క నూనె రాసి బుష్ తొడిగింది. మెత్తగా, చప్పుడు లేకుండా చివరిదాకా వెళ్లింది.

పరీక్షాధికారి షాఫ్టును అటూ ఇటూ ఊపి చూశాడు, మైక్రోమీటరు పెట్టి కొలిచాడు. ఆ తర్వాత నావైపు తిరిగాడు.

"మీరు ఈ అమ్మాయికి ఏదో చెప్పారు. విన్నాను."

"చెప్పాను సార్."

"సాయం చేస్తే పరీక్ష చెల్లదని తెలుసు కదా?"

మూడేళ్ల కష్టం నా నోటి తొందరకి పోయేలా ఉంది. పిల్ల ముఖం పాలిపోయింది. షాపులో మిషన్లన్నీ ఆగిపోయాయి. నా దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరూ చూస్తున్నారు.

"అది సాయం కాదు సార్, తప్పు సలహా" అన్నాను. "షాఫ్టు వేడిగా ఉందన్న సంగతి మర్చిపోయి ఇంకో కోత తియ్యమన్నాను. అది నా మాట విని ఉంటే ఈపాటికి షాఫ్టు బుష్‌లో గలగలలాడేది."

"ఎన్నేళ్ల సర్వీసు మీది?"

"ముప్పై."

"ఇదంతా రాసి సంతకం పెడతారా?"

పెట్టాను. 'నేను తప్పు చెప్పాను. అభ్యర్థి వినలేదు' అని ఆయన ముందే, నూనె చేతులతోనే రాశాను. ఆయన రెండుసార్లు చదివి, కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుని, దాని మార్కుల షీటు మీద పాస్ అని రాశాడు. నా పిల్ల టర్నరైంది. నలుగురి ముందూ పరువు పోయిన మనిషికి అంత ఆనందం ఎలా వస్తుందో నాకు తెలియదు కానీ, కళ్లనీళ్లు ఆగలేదు.

బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను.

"ఏరా, పాసయిందా?"

"అయింది. నా మాట వినకపోబట్టే అయింది."

"అదేంట్రా, మూడేళ్లుగా రోజూ దాన్ని నీ మాట వినమని చంపుకు తిన్నానే" అంది అక్క.